నీళ్ళు మోసేవాళ్ళు రాని రోజు

శత్రువు లోపలికి రాకుండా కోట గోడలు కడతారని అనుకుంటాం. మద్రాసు సెయింట్ జార్జి కోటలో 1670ల నాటి కట్టుబాట్లు చదివితే ఆ గోడలకు ఇంకో పని కూడా ఉండేదని అర్థమవుతుంది. రాత్రి ఎనిమిది దాటాక కోట బయట కనబడితే శిక్ష. పొద్దుటి ప్రార్థనకో సాయంత్రం ప్రార్థనకో రాకపోతే నాలుగు పణాల జరిమానా, అబద్ధమాడినా అంతే. ఒక విడతకు పావు లీటరుకు కాస్త పైన సారా గానీ, లీటరు పైచిలుకు వైను గానీ మించి తాగకూడదు. మించితే పోసిన ఇంటివాడికి ఒక వరహా, తాగిన ప్రతి అతిథికీ పన్నెండు పణాలు వడ్డన. ఇక ఏ కారణంతోనైనా సరే గోడ ఎక్కి దూకినవాడి పని మరీ అధ్వానం. ఓడలు వచ్చేదాకా సంకెళ్ళలో ఉంచి, తక్కిన శిక్ష కోసం ఇంగ్లండు పంపించేస్తారు.

లీటరు వైను దాకా పరవాలేదన్నారంటే, ఆ రూలు రాకముందు సంగతేమిటో ఎవరికి వారు ఊహించుకోవలసిందే.

ఏటా ఆగస్టు 22న చెన్నైలో పట్టణం పుట్టినరోజు జరుపుతారు. 1639లో ఫ్రాన్సిస్ డే అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగికి దామెర్ల వెంకటాద్రి నాయకుడు సముద్రపు ఒడ్డున ఒక ఇసుక పర్ర మీద హక్కులిచ్చిన రోజది. మధ్యన నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసిన దుబాసీ బేరి తిమ్మన్న. తెలుగువాళ్ళకు ఈ కథతో చుట్టరికం అక్కడే మొదలవుతుంది. కాకపోతే పుట్టినరోజు వ్యాసాల్లో కౌలు, కోట, గవర్నర్ల వరస తప్ప ఆ మొదటి యాభై, అరవై ఏళ్ళూ అక్కడ మనుషులు ఎలా బతికారన్నది ఎక్కువగా కనబడదు. ఏం తిన్నారు, ఎవరు వండారు, తాగునీళ్ళు ఎక్కడివి, జ్వరమొస్తే ఎవరు చూశారు? ఇవి అంత చిన్న ప్రశ్నలేమీ కావు.

మద్రాసు కంటే ముందు మన బందరు. 1611లో ‘గ్లోబ్’ ఓడ వచ్చిన నాటి నుంచి ఆంగ్లేయులు అక్కడ కొట్టు పెట్టుకుని ఉన్నారు. డచ్చివాళ్ళు అంతకు ఆరేళ్ళ ముందే దిగారు. ఆ కాలంలో బందరులో పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ ఊరి గురించి రాసిన మాటల్లో మెచ్చుకోలు తక్కువ. చిన్న ఊరు, జనం మాత్రం కిటకిట. ప్రాకారం లేదు, ఇళ్ళు సరిగ్గా లేవు. బావుల్లో నీళ్ళు ఉప్పన. సముద్రం పొంగితే ఊరి చుట్టూ నీరే. బందరు వేసవి వడగాలి తెలిసినవాళ్ళెవరూ అతన్ని తప్పుపట్టరు. పైగా ఉన్నది గోల్కొండ సుల్తాను రాజ్యంలో, అక్కడి అధికారుల దయాదాక్షిణ్యాల మీద. సుంకాల దగ్గర, బాకీల దగ్గర తగవులు ముదిరాయి. 1628లో కంపెనీవాళ్ళు బందరు వదిలేసి దక్షిణాన ఆర్మగాన్‌కు, అంటే మన దుగరాజపట్నానికి, వెళ్ళిపోయారు. రెండేళ్ళకు మళ్ళీ వచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర వ్యాపారానికి మంచి షరతులతో ఫర్మానా సంపాదించారు. ఇబ్బంది పెడితే ఊరు వదిలి పోవడం ఆనాడు ఈ తీరంలో అందరికీ తెలిసిన విద్య. దాన్ని కంపెనీ కూడా వాడుకుంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకుందాం, మళ్ళీ అవసరం పడుతుంది.

మద్రాసు స్థలం ఎంపిక చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది. రేవు లేదు. ఓడ మైలు దూరంలో లంగరు వేసుకోవాలి. ఒడ్డుకూ ఓడకూ మధ్య ఎప్పుడూ విరిగిపడే కెరటాలు. డే గారి మనసు దోచిన మగువ పక్కనే ఉన్న పోర్చుగీసు శాంథోమ్‌లో ఉండేదని, అందుకే ఈ చోటు నచ్చిందని ఆనాడే గుసగుసలు ఉండేవి. నిజమో అబద్ధమో గానీ, అసలు కారణం బట్ట. ఇక్కడ అది చవకగా దొరుకుతుందని డే లెక్క చెప్పాడు. కౌలు కాగితం మీద కూడా మొదట్లోనే పేచీ వచ్చింది. కోట ఖర్చు నాయకుడిదేనని ఆంగ్లేయులు చదువుకున్నారు. నేనలా అనలేదని నాయకుడన్నాడు. అప్పు తెచ్చి కట్టండి, వడ్డీ నేను భరిస్తానని ముందు పూచీపడ్డ డే తీరా పని మొదలయ్యాక వెనక్కి తగ్గాడు. 1640 ఫిబ్రవరిలో బందరు అధికారి ఆండ్రూ కోగన్, డే, కొందరు గుమాస్తాలు, పాతికమంది దాకా సైనికులు దిగి పని మొదలుపెట్టారు. ఏప్రిల్ 23 సెయింట్ జార్జి పండుగ గనక కోటకు ఆ పేరు. గోడలన్నీ పూర్తయ్యేసరికి మాత్రం పదమూడేళ్ళు పట్టింది. లండన్‌లో దొరలు ప్రతి ఉత్తరంలోనూ ఖర్చు గురించి సణుగుతూనే ఉన్నారు.

లోపలి జీవితం హాస్టలుకీ జైలుకీ నడుమ ఎక్కడో ఉండేది. పదహారు పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు గుమాస్తాలుగా వచ్చేవారు. ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, సముద్రం మీద గడిపి. ఏడాదికి జీతం పది పౌన్లు. పెళ్ళికానివాళ్ళందరికీ కోటలోనే బస, ఒకే బల్ల మీద భోజనం. బల్ల దగ్గర ఎవరి హోదా కొద్దీ వారి కుర్చీ. గొడుగుకు కూడా హోదా ఉండేది. కౌన్సిల్ సభ్యులు, పెద్ద పదవుల్లోని మరికొందరు, పాదిరీలు తప్ప మగవాళ్ళెవరూ నౌకరు చేత తలమీద గొడుగు పట్టించుకోరాదని ఆజ్ఞ. ఆడవాళ్ళలోనూ ఫలానా హోదావారి భార్యలకే ఆ భాగ్యం. మద్రాసు మే నెల ఎండ మాత్రం హోదాలు చూడదు. ఈ ఒక్క ఆజ్ఞ చాలు, ఆ చిన్న గుంపు తన భయాన్నీ దిగులునీ ఎలా దాచుకునేదో తెలియడానికి. దేశం కాని దేశంలో ఇరవై ముప్ఫై మంది, రోజూ అవే మొహాలు, తోచని సాయంత్రాలు. ఎవరెక్కువో తేల్చుకోవడం తప్ప వేరే కాలక్షేపం ఏముంటుంది?

మిగతాదంతా ఎదురుచూపు. ఇంగ్లండు ఓడల కోసం, అవి తెచ్చే వెండి కోసం, ఉత్తరాల కోసం. ఇంటికి రాసిన ఉత్తరానికి జవాబు రావడానికి ఏడాదిన్నర పడితే త్వరగా వచ్చినట్టే. అక్టోబరు వచ్చిందంటే ఈశాన్య రుతుపవనం, తుపాన్లు. ఓడలు ఆ తీరం వదిలి పోవలసిందే. మళ్ళీ సముద్రం నెమ్మదించేదాకా ఆ ఇసుక పర్ర మీద వాళ్ళు ఒంటరి.

ఎదురుచూపు ముగియకుండానే పోయినవాళ్ళు చాలామంది. 1652లో పోయిన ఎలిజబెత్ బేకర్ సమాధి రాయి సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో ఉంది, మన దేశంలో మిగిలిన అతి పాత ఇంగ్లీషు శిలాఫలకాల్లో అదొకటని చెబుతారు. జబ్బుపడ్డ సైనికుల కోసం 1664లో ఒక అద్దె ఇల్లు తీసుకుని ఆసుపత్రి పెట్టారు. చర్చి పూర్తయింది 1680లో. ఆ చర్చి రిజిస్టరులో మొదటి పెళ్ళి ఎలైహు యేల్‌ది. పది పౌన్ల గుమాస్తాగా వచ్చి గవర్నరు దాకా ఎగబాకి, అడ్డదారి వ్యాపారాల్లో విపరీతంగా గడించిన మనిషి. తర్వాత ఆయన పంపిన బట్టల బేళ్ళూ పుస్తకాలే అమెరికాలో ఒక చిన్న కాలేజీకి ఆయన పేరు తెచ్చిపెట్టాయి. ఆ యేల్ కొడుకు డేవిడ్ నాలుగేళ్ళు నిండకుండా 1688లో మద్రాసులోనే కన్నుమూశాడు. పిల్లవాణ్ణి పాతిపెట్టిన చోటు ఇప్పటి హైకోర్టు పక్కన పాత లా కాలేజీ ఆవరణలోకి వచ్చింది. గవర్నరు కొడుక్కే ఆ గతి పడితే, బారకాసుల్లోని సైనికుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంగ్లండు నుంచి ఆడవాళ్ళు రావడం అరుదు. సైనికుల్ని ఇక్కడి ఆడవాళ్ళను చేసుకొమ్మని 1687లో కంపెనీయే ప్రోత్సహించింది. అలా పుట్టిన ప్రతి బిడ్డ బాప్తిస్మం నాడు తల్లికి ఒక వరహా ఇస్తామని రాసింది. సంతానాన్ని కూడా పద్దు పుస్తకంలోకి ఎక్కించగలిగింది ఆ కంపెనీ ఒక్కటే కాబోలు.

ఇదంతా గోడకు లోపల. బయటివాళ్ళు లేకపోతే ఈ లోపల అనేది ఒక్క రోజు కూడా నడిచేది కాదు.

దిగడం దగ్గర్నుంచే చూడండి. ఓడలోంచి ఒడ్డుకు చేర్చేది మసులా పడవ. పలకలకు మేకు ఉండదు. కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి బిగిస్తారు. మేకులు కొట్టిన యూరప్ పడవ ఆ కెరటాల దెబ్బకు పటుక్కున విరుగుతుంది. కుట్టుపడవ అల తగిలితే వంగుతుంది, సాగుతుంది, మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. ఎనిమిది పది మంది తెడ్లు వేస్తుంటారు, వెనక నిలబడ్డ సరంగు అల లెక్క చూస్తాడు. పెద్ద అల వీపు మీద ఎక్కాలి, అది విరిగేలోపు దూకుడుగా ఇసుకకు తగలాలి, వెనక అల వచ్చి ముంచకముందే పడవను పైకి లాగాలి. పక్కనే తెప్పల మీద మరో ఇద్దరు ముగ్గురు, ఎవరైనా పడితే ఎత్తడానికి. ఒడ్డు తగలగానే దొరగారిని భుజాల మీద ఎక్కించుకుని తడవకుండా పొడి ఇసుక మీద దింపుతారు. గవర్నరైనా, గుమాస్తా అయినా, వెండి పెట్టె అయినా దారి అదే. 1673లో వచ్చిన డాక్టర్ జాన్ ఫ్రయర్ ఈ పడవల గురించి ప్రత్యేకించి రాశాడు. రాయకుండా ఎవరుంటారు?

ఒడ్డున దిగాక మిగిలినదీ అంతే. కోటలోకి మంచినీళ్ళు బయటి బావుల నుంచి మోసుకు రావాలి. గోడల సున్నం సముద్రపు గుల్లలు కాల్చి చేసినది. బజారు, వంట, పల్లకీ, గొడుగు, రాత్రి కాపలా అన్నీ ఊరివాళ్ళవే. కాపలా పెద్దనాయకుడి పేరే పెద్దనాయకన్‌పేటగా ఇప్పటికీ నిలిచి ఉంది. అన్నిటికంటే ముఖ్యం బట్ట. ముప్ఫై ఏళ్ళు పన్ను లేదని చాటించి నేతగాళ్ళను పిలిపించారు. మొదటి ఏడాదే మూడు నాలుగు వందల నేత కుటుంబాలు వచ్చి స్థిరపడ్డట్టు కంపెనీ రాతలు చెబుతాయి. దుబాసీల చేతుల మీదుగా బయానా వెళుతుంది, మగ్గం మీద థాను దిగుతుంది, అద్దకం పనివాళ్ళు రంగు వేస్తారు, చాకళ్ళు చలువ చేస్తారు, మూటలు కడతారు. కోటలో కుర్రాళ్ళు చేసే పనల్లా లెక్క రాసుకోవడం, నాణ్యం చూసి వేరుచేయడం, ఓడ కోసం ఆగడం.

1646, 47లో పెద్ద కరువు వచ్చింది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి, ఆకలికి తాళలేక మనుషులు తమను తాము అమ్ముకున్నారు. ఆ రోజుల్లో కంపెనీ ఉద్యోగులు రాసిన ఉత్తరాల్లో ఒక ఫిర్యాదు కనబడుతుంది: నేసేవాళ్ళలో, ఉతికేవాళ్ళలో ఎక్కువమంది చనిపోయారు గనక సరుకు దొరకడం లేదు. చావు కూడా అక్కడ సరుకు కొరతగానే నమోదైంది. 1680ల కరువులో ఈ తీరం నుంచి బానిసల్ని ఓడలెక్కించారు, దాన్ని నిషేధించింది 1688లో. ఆ కాలాన్ని గురించి మరీ తీయగా రాయకుండా మనల్ని ఆపవలసిన సంగతి ఇది.

అయితే పనితనం చేతిలో ఉన్నవాళ్ళకు ఒక ఆయుధం ఉండేది. బందరులో కంపెనీ వాడినదే అది.

1680 నవంబరులో అద్దకం పనివాళ్ళు, వాళ్ళతోపాటు మరికొందరు మద్రాసు వదిలి శాంథోమ్ చేరారు. పన్నుల మీద, కట్టుబాట్ల మీద కోపం. పట్నంలోని కులాలకూ, కంపెనీ కొలువులో ఉన్న దుబాసీలకూ, తెప్పలవాళ్ళకూ, కూలీలకూ, బంట్రోతులకూ వచ్చేయండని కబుర్లు పంపారు. సరుకునూ ధాన్యాన్నీ దారిలోనే ఆపేశారు. అప్పటి గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్. చర్చి కట్టించిన భక్తుడే, వెళ్ళినవాళ్ళ భార్యాబిడ్డల్ని ఇళ్ళలోంచి తెప్పించి గుడిలో నిర్బంధించాడు. ఎంత బెదిరిపోతే అంత పనికి ఒడిగడతారు! 1707లో కుడిచేతి, ఎడమచేతి అని రెండు పక్షాలుగా ఉన్న కులాలకు వీధుల దగ్గర తగవు వచ్చినప్పుడు పడవవాళ్ళు, చాకళ్ళు, జాలర్లు మళ్ళీ శాంథోమ్ దారి పట్టారు. అప్పటి గవర్నరు థామస్ పిట్ గొప్ప మొండి మనిషి. అయిదేళ్ళ ముందు మొగలు సేనానికే జంకని వాడు. ఆఖరికి ఆయనా మధ్యవర్తుల్ని పంపి, అభయమిచ్చి వెనక్కి పిలిపించుకోవలసి వచ్చింది.

మన దృష్టిలో అన్నిటికంటే విలువైన రాత 1716 నాటిది. అప్పుడూ కుల తగవే. కంపెనీ దగ్గర, ఆంగ్లేయుల ఇళ్ళలో పనిచేసేవాళ్ళంతా వదిలేసి పోయారని కోట రికార్డు వాపోయింది. ఎవరెవరో వరసపెట్టి రాసింది: వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, కూలీలు, పల్లకీ బోయీలు, గొడుగు పట్టేవాళ్ళు, ఇంకా లేకపోతే గడవని ఇతర నౌకర్లు. లేకపోతే గడవదు అన్న ముక్క కంపెనీ గుమాస్తా కలం నుంచి రావడానికి ఒక వంట పూట తప్పవలసి వచ్చింది. రోజూ వచ్చినన్నాళ్ళూ వాళ్ళ ప్రస్తావన పుస్తకాల్లో పెద్దగా లేదు. రాకపోయేసరికి వరసగా ఎక్కారు. గొడుగు ఎవరు పట్టించుకోవచ్చో అంత పట్టుదలగా నిర్ణయించిన కోటకు, పట్టేవాడు ఒకడుండాలన్న ఆలోచన ఆ రోజున వచ్చిందన్నమాట.

ఇలా అన్నంత మాత్రాన అది స్వర్ణయుగమని కాదు. ఆ తగవుల్లో అణచివేత ఉంది, కులాల పంతాలు ఉన్నాయి, ఊరు వదిలినవాళ్ళు ఇంకొకళ్ళను బెదిరించి వెంట తీసుకుపోవడం ఉంది. అప్పులో కూరుకున్నవాడికి, ఓడలో బానిసగా పోయినవాడికి ఆ ఆయుధం ఎప్పుడూ లేదు. అయినా ఒక తేడా గమనించాలి. మూడు మైళ్ళ దూరంలో శాంథోమ్ ఉంది, ఉత్తరాన పులికాట్‌లో డచ్చివాడున్నాడు, దేశం లోపలి వైపు నాయకులూ నవాబులూ ఉన్నారు. ఇక్కడ బాగుండకపోతే అక్కడ. కొనేవాడు ఒక్కడే కానంతవరకు నేతగాడి మాటకు విలువ ఉంటుంది. కోట ఎంత ఎత్తుగా ఉన్నా బేరం సమానానికి దగ్గరగా ఉండేది.

అది మారింది 18వ శతాబ్దం రెండో సగంలో. 1760లలో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి, ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, డచ్చివాళ్ళ పని అయిపోయింది. గోదావరి, విశాఖ ప్రాంతాల్లో కంపెనీ బయానా తీసుకున్న నేతగాడు ఆ బాకీ తీరేదాకా ఇంకెవరికీ నేయరాదు. థాను ఆలస్యమైతే కంపెనీ బంట్రోతు ఇంటి ముందు కూర్చుంటాడు, అతడి బత్తా కూడా నేతగాడి నెత్తినే. ఊరు వదిలి పోదామన్నా పోయే ఊరూ కంపెనీదే. వలస పాలన మొదలైన రోజు ఏదని అడిగితే కోట కట్టిన రోజు చెప్పడం మనకు అలవాటు. మా మటుకు మాకు, వదిలి వెళ్ళే దారి మూసుకుపోయిన నాడే అది అసలు మొదలైందనిపిస్తుంది. అంతవరకూ ఆ గోడల వెనక ఉన్నది ఇంటి మీద బెంగపెట్టుకున్న, జ్వరాలతో మూలిగే, సారా కొలతల మీద తగవుపడే ఒక చిన్న గుంపు. ఊరు దయతలిస్తేనే ఆ గుంపుకు పూటగడిచేది.

1744లో పద్దెనిమిదేళ్ళ రాబర్ట్ క్లైవ్ కూడా అలాంటి గుమాస్తాగానే దిగాడు. ఇంటి మీద బెంగతో ఉత్తరాలు రాసుకున్నాడు. పదమూడేళ్ళకు ప్లాసీ గెలిచినది ఆ కుర్రాడే. అతన్ని అల మీంచి ఒడ్డుకు చేర్చిన సరంగు ఎవరో ఏ పుస్తకమూ చెప్పదు. మద్రాసులో 1861లో ఇనుప వంతెన రేవు కట్టేదాకా, రెండు వందల ఇరవై ఏళ్ళ పాటు, ఆ పని చేసినవాళ్ళు వందల్లో ఉంటారు.

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు ఒక మనవి. మద్రాసు పాఠంలో 1639 ఎలాగూ ఉంటుంది, ఉండనివ్వండి. దాని పక్కన 1680, 1707, 1716 కూడా చేర్చండి. పిల్లలు బట్టీ పట్టవలసిన తేదీలు మూడు పెరుగుతాయి, నిజమే. కానీ మొదటిసారి వాటిలో వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ ఉంటారు.